ఈటా కెరీనా విషయంలో ఫొటో కన్నా గీతే గొప్పది

ఈటా కెరీనా అనే నక్షత్రం పేరు ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనబడేది హబుల్ టెలిస్కోపు తీసిన చిత్రం. అటూ ఇటూ ఉబ్బిన రెండు మేఘగోళాలు, నడుమ చీలికలు పడ్డ ధూళి, నట్టనడుమ కళ్లు చెదిరే తెల్లటి చుక్క. మా కళాశాలలో నక్షత్రాల పాఠం చెప్పేటప్పుడు నేనూ ఆ చిత్రమే చూపిస్తాను. అది చూపించకపోతే పిల్లలు ఫోన్లలోంచి తల ఎత్తరు. చూపించిన మరుక్షణం నుంచి నా ఇబ్బంది మొదలవుతుంది. ఆ మేఘాలు 1840ల నాటి విస్ఫోటనంలో ఎగిరిపడిన పదార్థం. ఈనాడు అక్కడ జరుగుతున్న అసలు కథంతా ఆ తెల్లటి చుక్క లోపల ఉంది, దాన్ని హబుల్ విడదీసి చూపలేదు. అక్కడ రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. వాటి కక్ష్య మొత్తం హబుల్ చూడగలిగిన అతి చిన్న వివరం కన్నా చిన్నది. ఎక్స్-కిరణాల్లో అతి సూక్ష్మంగా చూడగలిగే చంద్రా టెలిస్కోపుకైతే అది మరీ అందని దూరం.

"ఫొటో ఏది సార్?" అని పిల్లలు అడుగుతారు. పత్రికల వాళ్లూ అదే అడుగుతారు, నిధులిచ్చే వాళ్లూ అదే అడుగుతారు. భారీ జంట నక్షత్రాల గురించి మనకు తెలిసిన వాటిలో చాలా విలువైనది చిత్రాల నుంచి రాలేదని నా వాదన. ఒకే నక్షత్రాన్ని ఏళ్ల తరబడి, కొత్తదనం ఏమీ లేని రోజుల్లో కూడా, మళ్లీ మళ్లీ కొలిచిన మామూలు పరికరాల నుంచి వచ్చింది. ఆ పనికి మన శాస్త్ర వ్యవస్థలు ఇస్తున్న విలువ మాత్రం సిగ్గుపడేంత తక్కువ.

ముందు విషయం చెప్పుకుందాం. సూర్యుడి నుంచి కూడా పవనం వీస్తుంది, కానీ అది నామమాత్రం. సూర్యుడికి ఇరవై, ముప్పై రెట్లు బరువుండే వేడి నక్షత్రాల సంగతి వేరు. వాటి అతినీలలోహిత కాంతి ఎంత తీవ్రంగా ఉంటుందంటే, పై పొరల్లోని ఇనుము, కార్బన్, నైట్రోజన్ వంటి అయాన్లు ఆ కాంతిని మింగుతూ దాని తోపుడుకే బయటికి కొట్టుకుపోతాయి. వేగం సెకనుకు రెండు మూడు వేల కిలోమీటర్లు. సూర్యుడు ఏడాదికి పోగొట్టుకునే పదార్థంతో పోలిస్తే ఈ నక్షత్రాలు పోగొట్టుకునేది కోట్ల రెట్లు ఎక్కువ. అటువంటి నక్షత్రాలు రెండు పక్కపక్కన ఉంటే రెండు పవనాలు ఎదురెదురుగా ఢీకొంటాయి. ఢీకొన్న చోట షాక్ తరంగం ఏర్పడి, వాయువు ఒక్కసారిగా ఆగి, ఆ వేగమంతా వేడిగా మారుతుంది. కోట్ల డిగ్రీల వేడి. అంత వేడెక్కిన వాయువు వెలిగేది ఎక్స్-కిరణాల్లోనే. ఇలా జరగాలని సోవియట్ శాస్త్రవేత్తలు చెరెపాష్చుక్ ఒకవైపు, ప్రిలుత్స్కీ, ఉసోవ్ మరోవైపు 1976లోనే లెక్కవేసి చెప్పారు. భారీ నక్షత్రాల నుంచి ఎక్స్-కిరణాలు వస్తున్నాయని ఐన్‌స్టైన్ ఉపగ్రహం కనిపెట్టడానికి రెండేళ్ల ముందు మాట అది.

ఇక ఈటా కెరీనా. భూమికి సుమారు 7500 కాంతి సంవత్సరాల దూరం. 1837 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని కేప్‌లో ఉన్న జాన్ హెర్షెల్ ఇది అకస్మాత్తుగా ప్రకాశవంతం కావడం గమనించాడు. 1843లో సిరియస్‌ను మినహాయిస్తే ఆకాశంలో దీన్ని మించిన నక్షత్రం లేదు. తర్వాత క్రమంగా కంటికి కనబడకుండా పోయి, మళ్లీ ఇరవయ్యో శతాబ్దంలో మెల్లగా తేరుకుంది. ఇప్పుడు చీకటి ఆకాశంలో కంటికి ఆనుతుంది. మన దగ్గర కూడా. ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిది దాటాక బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో దక్షిణానికి తిరిగి నిలబడితే, అది దిగంతానికి సుమారు 14 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అగస్త్య నక్షత్రం అప్పటికే నైరుతి వైపు వాలిపోతూ ఉంటుంది. సముద్రపు తేమలో, మసకలో బైనాక్యులర్ లేకుండా పట్టుకోవడం కష్టం. బైనాక్యులర్‌తో చూసినా కనబడేది కాస్త ఎర్రటి చుక్కే. చూసి నిరాశ పడేవారే ఎక్కువ. నాకు మాత్రం అలా నిరాశ పడటమే బాగుంటుంది, ఎందుకంటే ఈ నక్షత్రం రహస్యాలు అలా ఒక చూపులో తెలిసేవి కావు.

ఇందులో పెద్ద నక్షత్రం సూర్యుడికి దాదాపు వంద రెట్ల బరువు. ఏడాదికి దాదాపు ఒక గురుగ్రహమంత పదార్థాన్ని బయటికి విసురుతుంది, కానీ మెల్లగా, సెకనుకు 400 నుంచి 500 కిలోమీటర్ల వేగంతో. ఇక్కడే ఒక చిన్న లెక్క ఉంది. తరగతిలో నల్లబల్ల మీద నేను తప్పకుండా వేసేది ఇదే. షాక్‌లో పుట్టే ఉష్ణోగ్రత వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగానికి సుమారు కోటీ ముప్పై లక్షల డిగ్రీలు. అంటే 500 కిలోమీటర్ల వేగంతో వీచే పవనం ఎంత గట్టిగా ఢీకొన్నా ముప్పై లక్షల డిగ్రీలు దాటి కొద్దిగా పైకి మాత్రమే పోగలదు. కానీ ఎక్స్-కిరణాల వర్ణపటం, అంటే ఏ శక్తి దగ్గర ఎంత వెలుగుందో చెప్పే కొలత, చూపిస్తున్న ఉష్ణోగ్రత సుమారు ఐదు కోట్ల డిగ్రీలు. ఆ తేడాను పెద్ద నక్షత్రం ఒక్కటే పూడ్చలేదు. చాలా వేగంగా వీచే మరో పవనం ఉండి తీరాలి, అంటే మరో నక్షత్రం ఉండి తీరాలి. 2002లో పిట్టార్డ్, కార్కరన్ అనే శాస్త్రవేత్తలు చంద్రా టెలిస్కోపు తీసిన వర్ణపటాన్ని నమూనాలతో పోల్చి ఆ కనబడని నక్షత్రం పవనం వేగం సెకనుకు సుమారు 3000 కిలోమీటర్లని, అది ఏడాదికి సూర్యుడి బరువులో లక్షో వంతు పదార్థాన్ని వదులుతోందని లెక్కకట్టారు. పెద్ద నక్షత్రపు వెలుగులో మునిగిపోయి విడిగా కనబడని తోడు నక్షత్రం గాలిని ముందు తూచారు! నాకు తెలిసినంతలో ఖగోళ శాస్త్రంలో ఇంత చక్కటి పరోక్ష సాక్ష్యం అరుదు. ఇక్కడా ఫొటో లేదు, ఉన్నది వర్ణపటం.

ఆ తోడు ఉందన్న ఆలోచనకు మొదటి గట్టి ఆధారం మాత్రం ఎక్స్-కిరణాల నుంచి కూడా రాలేదు. ఓపిక నుంచి వచ్చింది. బ్రెజిల్ ఖగోళ శాస్త్రవేత్త అగుస్టో డామినెలి తన దేశంలోని మధ్యస్థాయి టెలిస్కోపుతో ఈటా కెరీనా వర్ణపటంలో హీలియం రేఖను ఏళ్ల తరబడి కొలుస్తూ పోయాడు. ఆ రేఖ కొన్నిసార్లు బలహీనపడిపోతుంది. ఆ సంఘటనలను, 1948 నుంచి ఇతరులు నమోదు చేసిన పాత సంఘటనలతో కలిపి చూస్తే ఐదున్నరేళ్ల లయ కనబడింది. 1996లో ఆ విషయం ప్రచురించి, తర్వాతి సంఘటన 1997 చివర, 1998 మొదట్లో వస్తుందని ముందే చెప్పాడు. అప్పటికి చాలామంది నమ్మలేదు. ఇది ఒంటరి నక్షత్రమని, అప్పుడప్పుడూ పై పొరలు ఊడిపోవడం వల్లే ఆ మార్పులని వాదించేవారు బలంగానే ఉన్నారు. మరోవైపు కార్కరన్, ఆయన సహచరులు జర్మనీ ఉపగ్రహం రోసాట్ కొలతల్లో 1992లో ఈటా కెరీనా ఎక్స్-కిరణాలు కొన్ని నెలల తేడాలోనే గణనీయంగా మారడం గమనించారు.

సరిగ్గా అప్పుడే, 1995 డిసెంబరు 30న, నాసా ఆర్‌ఎక్స్‌టీఈ అనే ఉపగ్రహాన్ని ప్రయోగించింది. దాని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. దానికి ఫొటో తీయడం రాదు. ఒక డిగ్రీ వెడల్పున ఆకాశం నుంచి వచ్చిన ఎక్స్-కిరణాలన్నిటినీ కలిపి లెక్కపెట్టడమే దాని పని. ఆ ఒక డిగ్రీలో ఈటా కెరీనా ఒక్కటే ఉండదు, కెరీనా నెబ్యులాలోని ఇరుగుపొరుగు నక్షత్రాలన్నీ కలిసి వస్తాయి. కానీ ఆ ఉపగ్రహానికి రెండు గుణాలున్నాయి: కాల వివరాలను పట్టడంలో చురుకు, ఎప్పుడు ఎటు తిప్పమంటే అటు తిరగడం. 1996 ఫిబ్రవరి నుంచి కార్కరన్ బృందం దానితో ఈటా కెరీనాను క్రమం తప్పకుండా కొలవడం మొదలుపెట్టింది. మొదట్లో వచ్చింది పెద్దగా మారని సంఖ్యల వరుస. 1997లో సంఖ్యలు పెరుగుతూ వచ్చాయి, మధ్యమధ్యలో ఎగిసిపడుతూ. డిసెంబరులో కుప్పకూలాయి. డామినెలి చెప్పిన సమయానికే. ఆ సంఖ్యలను తేదీల వారీగా పేర్చి గీసిన గీత వచ్చాక ఒంటరి నక్షత్రమన్న వాదన నిలబడటం కష్టమైపోయింది.

ఆ గీతను కాస్త దగ్గరగా చూడాలి. కొలతలు బహిరంగంగానే దొరుకుతాయి, ఇష్టమైనవారు దింపుకుని తమ కంప్యూటర్‌లో గీసుకోవచ్చు. నేను గీసుకున్నాను. ఐదున్నరేళ్లలో ఎక్కువ భాగం గీత దాదాపు చదునుగా పోతుంది. కక్ష్య చాలా సాగిన అండాకారం, ఆ సాగుదలను కొలిచే ఉత్కేంద్రత సుమారు 0.9 (గుండ్రటి కక్ష్యకైతే అది సున్నా). అందువల్ల రెండు నక్షత్రాలు చాలాకాలం దూరంగా, మెల్లగా నడుస్తాయి. దూరంగా ఉన్నప్పుడు వాటి మధ్య ఎడం సూర్యుడి నుంచి నెప్ట్యూన్ ఉన్నంత, దగ్గరైనప్పుడు అంగారకుడు ఉన్నంత. దగ్గరయ్యే కొద్దీ ఢీకొనే పవనాలు చిక్కబడి ఎక్స్-కిరణాలు పెరుగుతాయి, గీత పైకి లేస్తుంది. నున్నగా లేవదు, రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా లేస్తుంది. శిఖరం చేరిన కొద్ది వారాల్లో నేల మీదికి పడుతుంది. అక్కడ సుమారు మూడు నెలలు పడి ఉండి, మళ్లీ లేస్తుంది. ఎక్స్-కిరణాలు దాదాపు ఆరిపోయే ఆ మూడు నెలలే అందరి తలలూ తినేసింది.

ఆ ఎగుడుదిగుడుల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నా వాదనకు అది బాగా పనికొస్తుంది. మొదటి కక్ష్య కొలతల్లో ఈ ఎగిసిపాట్లు సుమారు 85 రోజులకు ఒకసారి వస్తున్నట్టు కనబడి, 1997లో అది ప్రముఖ పత్రికలో వచ్చింది. 85 రోజుల గడియారం ఏదో నక్షత్రంలోనే ఉందా అన్న ఊహలు చెలరేగాయి. మరో కక్ష్య కొలిచాక ఆ లయ చెదిరింది. రెండు నక్షత్రాలు దగ్గరయ్యే కొద్దీ ఎగిసిపాట్ల మధ్య ఎడం తగ్గిపోతోంది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ వేరు: పెద్ద నక్షత్రపు పవనం ఒకే తీరున లేదు, గడ్డలు గడ్డలుగా వస్తోంది, ఒక్కో పెద్ద గడ్డ షాక్‌ను తాకినప్పుడల్లా ఒక ఎగిసిపాటు. ఒక్క కక్ష్య దగ్గరే కొలతలు ఆపి ఉంటే 85 రోజుల గడియారం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉండేదేమో.

అసలు నాటకం 2009లో జరిగింది. 1998లో ఎక్స్-కిరణాలు పడిపోయి కోలుకున్న తీరు, 2003 వేసవిలో పడిపోయి కోలుకున్న తీరు దాదాపు ఒకే అచ్చు. రెండు గీతలను ఒకదాని మీద ఒకటి పెడితే విడదీయడం కష్టం. అంతే, ఇది గడియారంలా నడుస్తుందని అందరికీ ధీమా వచ్చేసింది. పవనాలు ఢీకొనే చోటు పెద్ద నక్షత్రపు దట్టమైన పవనం వెనక్కి వెళ్లిపోవడం వల్ల వచ్చే గ్రహణమే ఈ చీకటి అన్న వివరణ హాయిగా సరిపోయింది. 2009 జనవరిలో మళ్లీ పడిపోయింది, అదీ అనుకున్న తేదీకే. కానీ అనుకున్న దానికి సుమారు నెల ముందే లేచి కూర్చుంది. కక్ష్య మారలేదు. మరి మారింది ఏమిటి? పెద్ద నక్షత్రపు పవనం బలహీనపడుతోందని కొందరన్నారు. అదే నిజమైతే 2014లో ఇంకా త్వరగా కోలుకోవాలి. 2014లో స్విఫ్ట్ ఉపగ్రహం కొలిస్తే, 2009 కంటే ఆలస్యంగా, 2003 కంటే ముందుగా, మధ్యలో కోలుకుంది. 2020 ఫిబ్రవరిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదున్న నైసర్ పరికరం కొలిస్తే, అంతకుముందు ఎన్నడూ లేనంత త్వరగా కోలుకుంది. ఇటువైపు సాగుతోందని ఒక గీత గీసే వీలు లేకుండా పోయింది.

మండల కార్యాలయాల్లో వర్షమాపకం దగ్గర రోజూ ఉదయం లెక్క రాస్తారు. చినుకు పడని రోజు కూడా సున్నా అని రాయాలి. ఆ సున్నాలు చూసి ఎవరూ మెచ్చుకోరు, కానీ ఆ సున్నాలే లేకపోతే కరువు ఎప్పుడు మొదలైందో చెప్పలేము. ఈటా కెరీనా చదునుగా ఉన్న ఏళ్ల కొలతలూ అటువంటివే. కోలుకోవడం నెల ముందుందా, వెనకుందా అని చెప్పాలంటే మామూలు రోజున అది ఎంత వెలుగుతుందో తెలిసి ఉండాలి. టెలిస్కోపు సమయం పంచే సంఘాలకు అటువంటి మామూలు రోజులు రుచించవు.

నా వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం నాకు తెలుసు. రోజూ లెక్కపెట్టుకుంటూ పోతే చాలా? పెద్ద టెలిస్కోపులు లేకుండా ఆ లెక్కకు అర్థం చెప్పగలిగేవారా? చెప్పలేరు, ఒప్పుకుంటాను. ఎక్స్-కిరణాలు ఎందుకు ఆరిపోతున్నాయన్నది లెక్క ఒక్కదానితో తేలదు. అది గ్రహణమైతే వెలుగు ఉంది కానీ మనకు అడ్డుపడింది. షాక్ కూలిపోతే అసలు వెలుగే లేదు. రెండింటికీ గీత ఒకేలా ఉంటుంది. కెంజి హమగుచి బృందం చంద్రా, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ వంటి పెద్ద పరికరాల వర్ణపటాలతో 2009 నాటి సంఘటనను రెండు భాగాలుగా విడదీసింది. మొదటి మూడు వారాల గాఢమైన చీకటి గ్రహణం, ఢీకొనే చోటు మొన పెద్ద నక్షత్రం వెనక్కి వెళ్లింది. ఆ తర్వాతి మసక కాలంలో మాత్రం షాకే నిజంగా బలహీనపడింది. రెండు వివరణల వాళ్లూ సగం సగం నెగ్గారన్నమాట. కోలుకునే తేదీ ఒక్కో కక్ష్యకు మారడం కూడా దీనితో కొంత అర్థమవుతుంది: గ్రహణం జ్యామితి, అది మారదు. షాక్ కూలి తిరిగి నిలదొక్కుకోవడం పవనాల బలాబలాల మీద ఆధారపడింది, అది మారుతుంది. నూస్టార్ ఉపగ్రహం ఇంకా ముందుకు వెళ్లి, 50 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి ఉన్న ఎక్స్-కిరణాలను ఇక్కడి నుంచే పట్టుకుంది. 2018లో వచ్చిన ఆ ఫలితంతో, షాక్ దగ్గర కణాలు అసాధారణ వేగాలకు చేరుతున్నాయని స్థిరపడింది.

చిత్రాల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. చిలీలోని విఎల్‌టి టెలిస్కోపులను కలిపి వైగెల్ట్ బృందం 2016లో పవనాలు ఢీకొనే ప్రాంతాన్ని పరారుణ కాంతిలో నిజంగానే చిత్రించింది. గొప్ప పని. అయితే ఆ చిత్రం ఏ దశలో తీసినదో, అందులోని విసనకర్ర ఆకారం ఎటు తిరిగి ఉండాలో చెప్పింది ఏళ్ల నాటి కక్ష్య లెక్కే.

ఇదే సంగతిని డబ్ల్యూఆర్ 140 అనే మరో భారీ జంట కథ ఇంకా బాగా చెబుతుంది. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చిత్రం వచ్చినప్పుడు ప్రపంచమంతా చూసింది: ఒక నక్షత్రం చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా పదిహేడు ధూళి వలయాలు. హంస రాశిలో ఉన్న ఈ జంట 7.9 ఏళ్లకు ఒకసారి దగ్గరవుతుంది. దగ్గరైన ప్రతిసారీ ఢీకొన్న వాయువు చల్లబడి కార్బన్ ధూళిగా మారి ఒక వలయంగా బయటికి పోతుంది. పదిహేడు వలయాలంటే నూట ముప్పై ఏళ్లకు పైబడిన చరిత్ర. పత్రికలన్నీ ఆ చిత్రాన్ని ఆకాశానికెత్తాయి. కానీ ఒక్కో వలయం ఒక్కో కక్ష్య అని చెప్పడానికి కక్ష్య కాలం తెలియాలి కదా? అది 1977లోనూ, మళ్లీ 1985లోనూ పరారుణ వెలుగు ఉబికిన తీరును పెరెదుర్ విలియమ్స్, ఆయన సహచరులు ఓపికగా నమోదు చేయడం వల్ల తెలిసింది. 1990లో వారు అదంతా రాసిపెట్టారు. అది లేకపోతే వెబ్ చిత్రం అందమైన పొరల బొమ్మ మాత్రమే. ఆ వ్యాసం గురించి రాసిన పత్రిక నాకు ఒక్కటీ కనబడలేదు.

ఎక్స్-కిరణాల్లో కూడా డబ్ల్యూఆర్ 140 పాఠం నేర్పింది. సాధారణ సిద్ధాంతం ప్రకారం, వాయువు చల్లబడటానికి సమయం లేనంత పల్చగా ఉంటే ఎక్స్-కిరణాల వెలుగు నక్షత్రాల మధ్య దూరానికి విలోమంగా ఉండాలి. దూరం సగమైతే వెలుగు రెట్టింపు. డబ్ల్యూఆర్ 140 ఆ సూత్రాన్ని సరిగ్గా పాటించదని పోలాక్ బృందం రెండు దశాబ్దాల కొలతలతో చూపించింది. మరో హంస రాశి జంట, సిగ్నస్ ఓబీ2 అనే నక్షత్రాల గుంపులోని తొమ్మిదో నక్షత్రం మాత్రం దాదాపుగా పాటిస్తుంది. ఏది ఎందుకు పాటిస్తుందో తేల్చాలంటే ఒక్కోదాన్ని కక్ష్య పొడవునా వెంటాడాలి, అడ్డదారి లేదు.

అడ్డదారి ప్రయత్నాలు జరిగాయి. ఒకేసారి వందల నక్షత్రాలను ఒక్క చూపులో కొలిచేసి, ఎక్స్-కిరణాలు ఎక్కువుంటే జంట, తక్కువుంటే ఒంటరి అనుకోవడం. ఒంటరి భారీ నక్షత్రం కూడా తన పవనంలోని అలజడి వల్ల మొత్తం కాంతిలో కోటిలో ఒక వంతు ఎక్స్-కిరణాలుగా ఇస్తుంది. జంటలైతే అంతకు మించి ఇవ్వాలని ఒకప్పుడు అందరి నమ్మకం. చంద్రా కెరీనా ప్రాజెక్టు 2011లో పద్నాలుగు వేలకు పైగా ఎక్స్-కిరణ మూలాలను పట్టికలో పెట్టింది. అందులోని భారీ నక్షత్రాలను యాయెల్ నాజే బృందం పరిశీలిస్తే, తెలిసిన జంటలు చాలావరకు ఒంటరి వాటి కన్నా ఏమీ ఎక్కువ వెలగడం లేదు. అంటే అధిక వెలుగు లేకపోయినా జంట కావచ్చు. ఉన్నా, అది కక్ష్యతో పాటు మారుతోందని చూస్తే తప్ప పవనాల ఢీ అని గట్టిగా చెప్పలేము. సర్వేలకు వచ్చే పేరు నాకు అర్థమవుతుంది, ఒక్క దెబ్బకు పద్నాలుగు వేలు కదా. అయినా ఈ ప్రశ్నకు సమాధానం పద్నాలుగు వేల చుక్కల్లో లేదు, పదీ పదిహేను జంటలను ఒక్కోదాన్ని పదేళ్లు చూడటంలో ఉంది.

చూడటానికే ఉంది చిక్కు. చంద్రా కావచ్చు, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ కావచ్చు, సమయం కోసం ఏటా దరఖాస్తు పెట్టుకోవాలి. ఈటా కెరీనా కక్ష్య ఐదున్నరేళ్లు. మన దేశంలో జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్లు కలిపి పీహెచ్‌డీ విద్యార్థికి అందే ఫెలోషిప్ ఐదేళ్లు. అంటే ఒక పరిశోధన విద్యార్థి జీవితం ఈటా కెరీనా ఒక్క ప్రదక్షిణ కన్నా చిన్నది! మొదట్లో చీకటిని చూసినవాడు రెండో చీకటి వచ్చే వేళకు ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటాడు. డబ్ల్యూఆర్ 140 సంగతి చెప్పనే అక్కర్లేదు. కార్కరన్, డామినెలి, విలియమ్స్ వంటివారు దశాబ్దాలు పట్టుకుని వేలాడబట్టి ఈ గీతలు తెగలేదు. వ్యక్తుల మొండితనం మీద నడిచే పని అది, వ్యవస్థ నడిపించింది కాదు. 2012 జనవరిలో ఆర్‌ఎక్స్‌టీఈని ఆపేశారు. 2014 సంఘటనకు స్విఫ్ట్ ఉండబట్టి సరిపోయింది, కానీ స్విఫ్ట్ పుట్టింది గామా కిరణ విస్ఫోటనాల కోసం. 2024 మార్చిలో నాసా చంద్రా నిర్వహణ వ్యయాన్ని 6.83 కోట్ల డాలర్ల నుంచి 4.11 కోట్లకు తగ్గించాలని ప్రతిపాదించినప్పుడు ఖగోళ శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టారు. పాతబడిన పరికరం కదా, కొత్తది కడదాం అనేవారికి నా సమాధానం: ఈ రంగంలో పాతదనమే దాని విలువ. ఒకే పరికరంతో 1999 నుంచి కొలిచిన సంఖ్యలను కొత్త పరికరం తిరిగి తేలేదు.

మన దేశం సంగతికి వస్తాను. ఈటా కెరీనాకు ఆకాశంలో ఏడు ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌నిమిషం) దూరంలోనే డబ్ల్యూఆర్ 25 అనే మరో జంట ఉంది. ఆర్‌ఎక్స్‌టీఈ లెక్కల్లో ఎప్పుడూ కలిసిపోతూ వచ్చిన పొరుగు నక్షత్రాల్లో ఇదొకటి. నైనీతాల్‌లోని ఆరీస్ ఖగోళ పరిశోధనా సంస్థ పరిశోధకులు, వివిధ ఉపగ్రహాలు ఏళ్ల తరబడి కొలిచి పెట్టిన సమాచారాన్ని ఏరి కూర్చి, 208 రోజుల కక్ష్యతో పాటు దాని ఎక్స్-కిరణాలు పెరిగి తగ్గే తీరును 2019లో వివరంగా చూపించారు. కొత్త పరికరం లేదు, కొత్త ఫొటో లేదు, పాత కొలతలను వరసలో పేర్చడం ఒక్కటే. ఇటువంటి పని మన దగ్గర చేయగలిగిన వాళ్లున్నారని దీనితో రుజువైంది. పరికరాలు చేయగలిగిన వాళ్లూ ఉన్నారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో టాటా పరిశోధనా సంస్థ నిర్మించిన సాఫ్ట్ ఎక్స్-కిరణ టెలిస్కోపు ఉంది. అది 0.3 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య చూస్తుంది. ఢీకొనే పవనాలు ప్రధానంగా వెలిగేది ఆ పరిధిలోనే. ఐదేళ్ల కోసం అనుకున్న ఉపగ్రహం ఆ గడువు దాటాక కూడా పనిచేసింది.

మరి తర్వాతి ఎక్స్-కిరణ ఉపగ్రహం ఏం చేయాలి అని అడిగితే, నాసాతోనో యూరప్‌తోనో అద్దాల పరిమాణంలో పోటీ పడవద్దంటాను. అది మనం గెలిచే పందెం కాదు, గెలవాల్సిన పందెం కూడా కాదు. చిన్న టెలిస్కోపు, కొద్ది నక్షత్రాల జాబితా, వాటిని కొన్నాళ్లకోసారి కొలిచి తీరాలన్న నియమం చాలు. దీన్ని ఎవరికి చెప్పినా "అంతేనా?" అంటారు. చంద్రయాన్ తర్వాత మన జనానికి చిన్నది చెబితే ఆనదు. సంఘాల్లో కూర్చునే పెద్దలకూ అంతే, ప్రపంచంలో మొదటిది అన్న మాట లేకపోతే ఫైలు కదలదు. కానీ ఈటా కెరీనా లెక్క ప్రకారం 2025 ఆగస్టు చివర దాటాక, తర్వాతి చీకటి 2031 మార్చి ప్రాంతంలో వస్తుంది. డబ్ల్యూఆర్ 140 జంట 2032 చివర దగ్గరవుతుంది. ఈ తేదీలు ఎవరి నిధుల కోసమూ ఆగవు. ఈ రోజు అనుమతిస్తే గానీ అప్పటికి పైన ఉండే ఉపగ్రహం ఉండదు.

నన్నడిగితే ఆ జాబితాలో మొదటి పేరు ఈటా కెరీనా కూడా కాదు, గామా వెలోరమ్. సుమారు 1100 కాంతి సంవత్సరాల దూరంలో, భారీ జంటల్లో మనకు చాలా దగ్గరది. మార్చిలో రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య హైదరాబాద్ నుంచి కూడా దక్షిణాన పాతిక డిగ్రీల ఎత్తులో కంటికి తేలిగ్గా కనబడుతుంది. కక్ష్య 78.5 రోజులే. జంటలో ఒకటి వోల్ఫ్-రాయె నక్షత్రం, అంటే పై పొరలు పోగొట్టుకున్న అతి వేడి భారీ నక్షత్రం. దాని దట్టమైన పవనం ఎక్స్-కిరణాలను మింగేస్తూ ఉంటుంది. తోడు నక్షత్రం మన వైపు వచ్చినప్పుడు దాని పల్చటి పవనం తొలిచిన ఖాళీ గుండా అవి కొద్దికాలం బయటపడతాయి. 1990ల్లో రోసాట్ దీన్ని పట్టుకుంది. సూర్యుడికి మరీ దగ్గరగా ఉన్న వైపు ఎక్స్-కిరణ టెలిస్కోపులు తిరగకూడదు. గామా వెలోరమ్ క్రాంతివృత్తానికి, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారికి, 60 డిగ్రీలకు పైగా దక్షిణాన ఉంది కాబట్టి సూర్యుడు ఏ నెలలోనూ దాని దరిదాపులకు రాడు, ఏడాది పొడవునా చూడవచ్చు. ఐదేళ్లలో ఇరవైకి పైగా కక్ష్యలు. ఒక్క పీహెచ్‌డీ విద్యార్థి, ఒక్క ఫెలోషిప్ కాలంలో, మొదలు నుంచి చివరి దాకా చూడగలిగిన భారీ జంట ఇది.